సైకిలు మరమ్మతు పనిముట్లు, సైకిలు భాగాలు

సైకిలు భాగాలను విప్పడానికి, బిగించడానికి, కొలవడానికి, వంకరలు తీయడానికి, అరిగినవాటిని మార్చడానికి మెకానిక్కు వాడే చేతి సాధనాలను సైకిలు మరమ్మతు పనిముట్లు అంటారు. వీటిలో పానా, సుత్తి, పట్టకారు, స్క్రూడ్రైవరు, ఆకురాయి ఏ యంత్రం పనికైనా ఉపయోగపడేవి కాగా, నిపుల్ కీ, కోను పానా, చైను పంచి, ఫ్రీవీలు విప్పే సాధనం సైకిలు కోసమే పుట్టినవి. ఈ రెండో తెగలో ప్రతి పనిముట్టు ఆకారమూ అది పట్టుకోవలసిన భాగం ఆకారాన్ని బట్టి నిర్ణయమైంది కాబట్టి, భాగాన్ని వివరించకుండా పనిముట్టును వివరించడం కుదరదు. అందువల్ల ఈ వ్యాసంలో రెండింటినీ జంటగా పరిశీలించడం జరిగింది.

పరిధి, పదజాలం

ఈ వ్యాసం ముఖ్యంగా రెండు రకాల సైకిళ్ళకు సంబంధించింది. మొదటిది భారతదేశంలో తరతరాలుగా వాడుకలో ఉన్న, గేర్లు లేని, 28 అంగుళాల చక్రాలున్న బరువైన సైకిలు. దీన్ని తయారీదారులు రోడ్‌స్టర్ అంటారు, తెలుగు ఊళ్ళలో పెద్ద సైకిలు అంటారు. రెండోది చైనును ఒక పళ్ళచక్రం నుంచి మరో పళ్ళచక్రానికి మార్చే డిరైలర్ అనే అమరిక గల గేర్ల సైకిలు.

సైకిలు దుకాణాల భాష చాలావరకు ఇంగ్లీషు మాటలు తెలుగు నాలుక మీద స్థిరపడిన రూపం. స్పానరును పానా అనీ, చక్రం నడిమి హబ్బు నుంచి అంచుకు సాగే సన్నని ఉక్కు తీగలైన స్పోకులను పుల్లలు లేదా చువ్వలు అనీ, బేరింగులలోని ఉక్కు గోళీలను బాల్సు అనీ, చక్రం వంకర సరిచేయడాన్ని బెండు తీయడం అనీ, సైకిలును పూర్తిగా విప్పి, కిరసనాయిలుతో కడిగి, గ్రీజు పెట్టి మళ్ళీ బిగించడాన్ని ఓవరాయిలింగ్ అనీ అంటారు. ఈ వ్యాసంలోనూ ఆ మాటలనే వాడడమైనది.

చరిత్ర

1817లో జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ నడిపి చూపిన రెండు చక్రాల బండికి పెడళ్ళు గాని చైను గాని లేవు. అది ప్రధానంగా కర్రతో చేసిన బండి కాబట్టి వడ్రంగి, కమ్మరి చేతుల్లో అప్పటికే ఉన్న ఉలి, సుత్తి, పట్టకారు దాని మరమ్మతుకు చాలేవి. 1860లలో ఫ్రాన్సులో ముందు చక్రానికి పెడళ్ళు బిగించిన వెలాసిపీడు వచ్చింది. 1869లో జూల్ సురిరే సైకిలుకు బాల్ బేరింగులు అమర్చే పద్ధతికి పేటెంటు పొందగా, ఆ ఏడాది నవంబరులో జరిగిన పారిస్-రూవాన్ పందెంలో అటువంటి బేరింగులున్న సైకిలు మీద జేమ్స్ మూర్ గెలిచాడు. ఇరుసుకూ గిన్నెకూ మధ్య గోళీలు చేరినప్పటి నుంచి, వాటి బిగువును వెంట్రుకవాసి తేడాతో సరిచేయగల పలుచని పానా అవసరమైంది.

ఇంగ్లండులోని కవెంట్రీలో జేమ్స్ స్టార్లీ 1874లో పుల్లలను హబ్బుకు ఏటవాలుగా, ఒకదానినొకటి దాటుతూ సాగేలా అల్లే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1880లో మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ రూపొందించిన బుష్ రోలర్ చైను, 1885లో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సేఫ్టీ సైకిలు, 1888లో బెల్‌ఫాస్టులో జాన్ బాయిడ్ డన్‌లప్ పేటెంటు పొందిన గాలి టైరు, ఈ మూడూ కలిసి నేటి సైకిలు రూపాన్ని ఖరారు చేశాయి. డన్‌లప్ తొలి టైర్లను రిమ్ముకు అంటించేవారు గనుక పంచరు వేయడమంటే గంటల పని. 1891లో మిషెలిన్ సోదరులు ఊడదీయడానికి వీలైన టైరును తెచ్చాక, అదే ఏడాది పారిస్-బ్రెస్ట్-పారిస్ పందెంలో షార్ల్ తెరోం దానితో గెలిచాక, టైరును రోడ్డు పక్కనే ఊడదీసి తిరిగి ఎక్కించడం సాధారణమైంది. నోటి వెడల్పు మార్చుకోగల పానాకు స్వీడన్‌కు చెందిన యోహాన్ పెటర్ యోహాన్సన్ 1892లో పేటెంటు పొందడం కూడా ఈ కాలపు సంగతే.

ఆ రోజుల్లో సైకిలు దుకాణం సూక్ష్మ యంత్రాల పనికి బడి వంటిది. అమెరికాలోని డేటన్‌లో విల్బర్, ఆర్విల్ రైట్ సోదరులు 1892లో సైకిళ్ళు అమ్మే, మరమ్మతు చేసే దుకాణం పెట్టి, కొన్నేళ్ళకు సొంత సైకిళ్ళు తయారుచేసి, 1903లో ఎగిరిన తమ విమానంలో ఇంజను శక్తిని ప్రొపెల్లర్లకు చైన్ల ద్వారానే అందించారు.

పందేల నియమాలు కూడా మరమ్మతు చరిత్రలో భాగమే. తొలినాటి టూర్ ద ఫ్రాన్స్‌లో పోటీదారు తన సైకిలును తానే బాగుచేసుకోవాలి. 1913లో తుర్మలే కనుమ దిగుతుండగా ఫోర్కు విరిగిన యూజీన్ క్రిస్టోఫ్ సైకిలును మోసుకుంటూ సాంత్-మరీ-ద-కాంపాన్ అనే ఊరు చేరి, అక్కడి కమ్మరి కొలిమిలో స్వయంగా ఫోర్కు అతికించుకున్నాడు. అయితే కొలిమి తిత్తిని ఒక కుర్రవాడు ఊదాడన్న కారణంతో నిర్వాహకులు అతనికి అదనపు సమయం శిక్షగా వేశారు.

1930లో ఇటలీకి చెందిన తుల్లియో కంపాన్యోలో, పానా లేకుండా మీటను తిప్పి చక్రాన్ని విప్పే క్విక్ రిలీజ్ ఇరుసుకు పేటెంటు పొందాడు. 1921లో జపానులోని సకాయ్‌లో మొదలైన షిమానో సంస్థ తొలి ఉత్పత్తి ఫ్రీవీలు. అమెరికాలోని సెయింట్ పాల్ పట్టణంలో సైకిలు దుకాణం నడిపేవారు, సైకిలును నేల మీద వంగి కాక నడుమెత్తున నిలబెట్టి పనిచేయడానికి ఒక స్టాండు చేసుకోగా, దాని నుంచి 1963లో పార్క్ టూల్ సంస్థ పుట్టింది. సైకిలు పనిముట్లనే ప్రధాన వ్యాపారంగా పెట్టుకున్న సంస్థల్లో ఇది ప్రముఖమైనది.

సాధారణ పనిముట్లు

మెకానిక్కు చేతిలో ఎక్కువసేపు ఉండేది పానా. రెండు కొసల్లో రెండు కొలతల నోళ్ళున్న పానా, నట్టును చుట్టూరా పట్టుకునే రింగు పానా, నోరు జరిగే స్క్రూ పానా అనేవి ముఖ్యమైన రకాలు. రెండు చివరలా గుండ్రని తలల్లో రకరకాల కొలతల రంధ్రాలున్న డంబెల్ పానా ఒక్కటే ఎన్నో నట్లకు సరిపోయినా, దాని పిడి పొట్టిది కావడం వల్ల బిగుసుకుపోయిన నట్టును కదపడానికి బలం చాలదు. స్క్రూ పానాను అనుభవజ్ఞులు ఆఖరి మార్గంగానే చూస్తారు. దాని నోరు నట్టు ముఖాలను పూర్తిగా అంటిపెట్టుకోనందువల్ల నట్టు అంచులు గుండ్రంగా అరిగి, తరువాత ఏ పానాకూ చిక్కకుండా పోతాయి. మెకానిక్కులు ఒక పానాను మరోదానికంటే ఇష్టపడడానికి మొదటి కారణం దాని పేరో ధరో కాదు, నోరు నట్టుకు కచ్చితంగా సరిపోవడం.

ఆరు పలకల గుంట ఉన్న బోల్టులను తిప్పే అలెన్ కీలు గేర్ల సైకిలుకు ముఖ్యమైనవి. వాటిలో 4, 5, 6 మిల్లీమీటర్ల కొలతలు అన్నిటికన్నా తరచుగా అవసరపడతాయి. స్క్రూడ్రైవర్ల విషయంలో ఒక సూక్ష్మం గమనించదగ్గది. జపాను డిరైలర్ల మీది కూడిక గుర్తు స్క్రూలు ఆ దేశపు ప్రమాణం ప్రకారం చేసినవి. చూడడానికి మామూలు ఫిలిప్స్ స్క్రూల లాగే ఉన్నా, ఫిలిప్స్ స్క్రూడ్రైవరు వాటిలో పూర్తిగా దిగక జారి తలను చెడగొడుతుంది.

దుకాణంలో మెకానిక్కు సొంతంగా చేసుకునే పనిముట్లూ తక్కువేమీ కావు. విరిగిన పుల్లను వంచి చైను రెండు కొసలనూ దగ్గరగా పట్టి ఉంచే కొక్కెం చేసుకుంటారు, మరో పుల్ల కొసను నూరి సన్నని సూదిగా వాడుకుంటారు. పాత ట్యూబు అతుకు ముక్కగా, కట్టుతాడుగా, రిమ్ము లోపలి పట్టీగా మూడు విధాలుగా పనికివస్తుంది.

ఇరుసులు, బేరింగులు (చూ. మధ్య ఇరుసు)

సైకిలులో తిరిగే ప్రతిచోటా, అంటే రెండు హబ్బులు, పెడళ్ళు, క్రాంకుల మధ్య ఇరుసు, హ్యాండిలు కింది ఫోర్కు గొట్టం వద్ద, సంప్రదాయ అమరిక ఒకటే: గిన్నె ఆకారపు కప్పు, శంకువు ఆకారపు కోను, వాటి నడుమ గ్రీజులో కూర్చున్న బాల్సు. ముందు హబ్బులో సాధారణంగా అంగుళంలో 16వ వంతు మూడింతల, అంటే 3/16 అంగుళం బాల్సు ఒక్కో వైపు 10 చొప్పున, వెనక హబ్బులో 1/4 అంగుళం బాల్సు ఒక్కో వైపు 9 చొప్పున ఉంటాయి. బాల్సు కొత్తవి వేయవలసివస్తే ఒకటి రెండు కాక మొత్తం వరుసను మారుస్తారు. అరిగిన వాటి మధ్య కొత్త బాలు కొద్దిగా పెద్దదై, బరువంతా దాని మీదే పడుతుంది.

కోను పానా ప్రత్యేకత దాని పలుచదనం. కోనుకు పానా పట్టే చోటు చాలా ఇరుకుగా, లాకునట్టుకు ఆనుకొని ఉంటుంది కాబట్టి, మామూలు పానా మందానికి అక్కడ చోటు చాలదు. కోనును ఒక పానాతో కదలకుండా పట్టి, మరో పానాతో లాకునట్టును దాని మీదికి బిగించడం ఈ పనిలో కీలకం. లాకునట్టు బిగిసేటప్పుడు కోనును కూడా కాస్త లోపలికి నెడుతుంది గనుక, ఆ మేరకు ముందే కోనును కొంచెం వదులుగా ఉంచాలి. సరిగా కుదిరిన చక్రాన్ని గాలిలోకి ఎత్తి వదిలితే, వాల్వు బరువుకే మెల్లగా తిరిగి, వాల్వు కిందికి వచ్చాక ఊగి ఆగుతుంది. రిమ్మును పట్టి పక్కలకు కదిపితే మాత్రం ఆట, అంటే వదులు కదలిక, తెలియకూడదు. బేరింగు మరీ బిగుతైతే కోను మీద గుంటలు పడతాయి, మరీ వదులైతే కప్పు అంచు దెబ్బతింటుంది.

మధ్య ఇరుసు, క్రాంకులు, పెడళ్ళు

ఎడమ పెడలు మర ఎడమచేతి మర కావడం సైకిలు నేర్చుకునే మెకానిక్కుకు మొదటి పాఠం. కాలి బరువు వేసే దిక్కు క్రాంకుతో పోల్చితే నిరంతరం మారుతూ ఉండడంవల్ల, మరలో ఉండే సన్నని సందులో పెడలు ఇరుసు దొర్లుతూ, ఆ బరువు తిరిగే దిక్కుకు ఎదురుగా కొద్దికొద్దిగా జరుగుతుంది. యంత్రశాస్త్రంలో ప్రిసెషన్ అనే ఈ జరుగుడు పెడలును ఊడదీయకుండా బిగించే దిక్కులో ఉండాలనే కుడి పెడలుకు కుడిచేతి మర, ఎడమ పెడలుకు ఎడమచేతి మర పెట్టారు. గుర్తుంచుకోవడానికి సులువైన సూత్రం ఉంది: పానాను పెడలు ఇరుసుకు తగిలించి పిడిని నిటారుగా నిలిపినప్పుడు, ముందు చక్రం వైపు తోస్తే రెండు పెడళ్ళూ బిగుస్తాయి, వెనక చక్రం వైపు లాగితే రెండూ వదులవుతాయి. బ్రిటిషు కొలతల మధ్య ఇరుసులో కుడి వైపు కప్పుకు ఎడమచేతి మర ఉండడానికీ ప్రిసెషనే కారణం.

పెద్ద సైకిలులో క్రాంకును ఇరుసుకు బిగించేది కాటర్ పిన్ను. ఇది ఒక వైపు ఏటవాలుగా చెక్కిన ఉక్కు చీల. ఇరుసు మీది గాడిలో ఈ ఏటవాలు ముఖం కూర్చుని, మేకులా బిగుసుకొని క్రాంకును కదలనివ్వదు. పిన్ను కొసన ఉండే చిన్న నట్టు పిన్ను ఊడిపోకుండా కాపు కాయడానికే తప్ప దాన్ని లోపలికి లాగడానికి కాదు. నట్టుతో లాగి బిగించాలని చూస్తే పిన్ను మర తెగిపోతుంది. పిన్నును సుత్తితోనే దించాలి. అయితే ఊరికే కొడితే ఆ దెబ్బ ఇరుసు గుండా బాల్సు మీద పడి కప్పులో గుంటలు చేస్తుంది. అందుకే జాగ్రత్త గల మెకానిక్కు పిన్ను కొస దిగేంత రంధ్రమున్న ఇనుప గొట్టాన్ని నేల మీద నిలబెట్టి, దాని మీద క్రాంకును ఆనించి, దెబ్బ నేలలోకి పోయేలా చూసి కొడతాడు. కొత్త పిన్ను ఏటవాలు ముఖం ఇరుసు గాడికి సరిపోకపోతే, ఆకురాయితో రెండు మూడు గీతలు గీసి, దించి చూసి, మళ్ళీ తీసి గీస్తాడు. రెండు వైపుల పిన్నులూ సమానంగా దిగకపోతే రెండు క్రాంకులూ ఒకే గీతలో ఉండవు. తొక్కేవారి పాదానికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

గేర్ల సైకిళ్ళలో కాటర్ పిన్ను స్థానంలో నాలుగు పలకల ఇరుసు వచ్చింది. దీని క్రాంకును ఊడదీయడానికి క్రాంకులోని మరలో దిగి ఇరుసును వెనక్కు నెట్టే క్రాంక్ పుల్లర్ అనే సాధనం కావాలి. ఆ సాధనం మర పూర్తిగా ఎక్కకముందే బలం వేస్తే క్రాంకు లోపలి మర ఊడివచ్చి, క్రాంకు పనికిరాకుండా పోతుంది.

చైను, ఫ్రీవీలు

సైకిలు చైనులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ఈ కొలత గేర్లు లేని సైకిలుకూ గేర్ల సైకిలుకూ ఒకటే, మారేది వెడల్పు. చైను సాగిందని వాడుకలో అన్నప్పటికీ నిజానికి దాని పలకలు సాగవు. పిన్నులూ వాటి చుట్టూ ఉండే బుష్షులూ అరిగి, ప్రతి కణుపు వద్దా చేరిన సన్నని ఆట మొత్తం మీద పొడవుగా కనిపిస్తుంది. దీన్ని కొలవడానికి ఉక్కు స్కేలు చాలు. కొత్త చైనులో 24 కణుపులు సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. గేర్ల సైకిలులో ఈ పొడవు అంగుళంలో 16వ వంతు పెరిగితే చైను మార్చాలి. 8వ వంతు పెరిగేదాకా వదిలేస్తే వెనక పళ్ళచక్రాలు కూడా అరిగి, వాటినీ మార్చవలసి వస్తుంది.

చైనును తెంచడానికి పిన్నును బయటికి నెట్టే మరసాధనాన్ని గాని, పంచి సుత్తులను గాని వాడతారు. గేర్లు లేని సైకిలు చైనులో క్లిప్పుతో కూడిన జాయింటు లింకు ఉంటుంది. ఆ క్లిప్పు మూసి ఉన్న కొస చైను సాగే దిక్కుకు ఉండాలి, లేకపోతే ఏదైనా తగిలినప్పుడు క్లిప్పు ఊడిపోతుంది.

ముందు పళ్ళచక్రానికీ ఫ్రీవీలుకూ ఉన్న పళ్ళ నిష్పత్తి ప్రయాణ వేగాన్ని నిర్ణయిస్తుంది. ఉదాహరణకు ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉన్న పెద్ద సైకిలులో క్రాంకు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు 2.44 చుట్లు తిరిగి, సైకిలు సుమారు అయిదున్నర మీటర్లు సాగుతుంది. ఫ్రీవీలు లోపల స్ప్రింగుతో లేచి ఉండే చిన్న ఉక్కు నాలుకలు తొక్కినప్పుడు పళ్ళలో చిక్కుకొని చక్రాన్ని తిప్పుతాయి, తొక్కడం ఆపినప్పుడు పళ్ళ మీదుగా జారుతూ టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తాయి. ముందుకు తొక్కినా చక్రం కదలకుండా పెడలు ఖాళీగా తిరిగితే, గట్టిపడిన గ్రీజులో ఆ నాలుకలు ఇరుక్కుపోయాయని అర్థం. ఫ్రీవీలు ముఖం మీది మూతకు ఎడమచేతి మర ఉంటుంది. దాని మీది రెండు చిన్న గుంటల్లో పంచి పెట్టి సుత్తితో తట్టి విప్పుతారు. లోపలి సన్నని బాల్సు నేల మీద చెల్లాచెదరు కాకుండా, ఈ పనిని పళ్ళెం మీదో గుడ్డ మీదో పెట్టి చేయడం ఆనవాయితీ.

ఫ్రీవీలు హబ్బు మీద కుడిచేతి మరతో కూర్చుంటుంది గనుక తొక్కేకొద్దీ ఇంకా బిగుస్తుంది. ఏళ్ళ తరబడి తొక్కిన సైకిలులో దాన్ని విప్పడం మెకానిక్కు చేసే పనుల్లో అన్నిటికన్నా బలం కోరేది. ఆధునిక గేర్ల సైకిళ్ళలో ఫ్రీవీలు యంత్రాంగం హబ్బులోనే ఉండి, పళ్ళచక్రాల దొంతరను మాత్రం వేరుగా తీయవచ్చు. దొంతరను కదలకుండా చైను ముక్క అమర్చిన పిడితో పట్టుకొని, బిగింపు రింగును గాళ్ళున్న సాధనంతో తిప్పి విప్పుతారు.

చక్రం

సైకిలు భాగాలన్నిటిలో చక్రం ఎక్కువ శ్రద్ధ కోరేది, మెకానిక్కు నైపుణ్యానికి నిజమైన పరీక్ష కూడా. బండి చక్రంలో కర్ర ఆకులు బరువును కింది నుంచి మోస్తాయి. సైకిలు చక్రంలో సన్నని పుల్ల నిలబెట్టి బరువు పెడితే వంగిపోయేదే. పుల్లలన్నీ ముందే గట్టిగా లాగి బిగించి ఉండడం వల్లే చక్రం నిలబడుతుంది. సైకిలు మీద మనిషి ఎక్కినప్పుడు నేలకు ఆనిన చోటి పుల్లల బిగువు కాస్త తగ్గుతుంది, మిగతావాటి బిగువు దాదాపు అలాగే ఉంటుంది. అమెరికా ఇంజనీరు జాబ్‌స్ట్ బ్రాంట్ 1981లో ప్రచురించిన సైకిలు చక్రం గ్రంథంలో ఈ విషయాన్ని లెక్కలతో చూపించాడు. బిగువు చాలని పుల్ల ప్రతి చుట్టులోనూ పూర్తిగా సడలి మళ్ళీ బిగుస్తూ, అలసి, మెడ దగ్గర విరుగుతుంది. పుల్లలు విరగడానికి అతి బిగువు కన్నా బిగువు చాలకపోవడమే తరచుగా కారణమన్నది ఇందులోని ముఖ్యమైన సంగతి.

పుల్ల కొసన ఉండే మరకు రిమ్ము వైపు నుంచి ఎక్కే చిన్న ఇత్తడి నట్టును నిపుల్ అంటారు. 2 మిల్లీమీటర్ల పుల్ల మీద అంగుళానికి 56 చుట్ల మర ఉంటుంది. కాబట్టి నిపుల్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పితే అది పుల్ల మీద దాదాపు 0.45 మిల్లీమీటరు, పావు చుట్టు తిప్పితే 0.11 మిల్లీమీటరు జరుగుతుంది. బెండు తీసేటప్పుడు పావు చుట్టు, అర చుట్టు లెక్కన తిప్పడం ఇందువల్లనే.

నిపుల్‌ను తిప్పే కీ నోరు చిన్న తేడాను కూడా సహించదు. 3.23, 3.30, 3.45 మిల్లీమీటర్ల కొలతల నిపుల్స్ వాడుకలో ఉన్నాయి. పార్క్ టూల్ కీలలో ఇవి వరుసగా నలుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగుల పిడులతో గుర్తింపు పొందాయి. కంటికి తేడా కనిపించని ఈ కొలతల్లో ఒకటి మారినా కీ జారి నిపుల్ మూలలు అరిగిపోతాయి.

బెండు తీసే పద్ధతి ఇలా ఉంటుంది. చక్రాన్ని ఫోర్కులోనే ఉంచి, సైకిలును తలకిందులుగా నిలబెట్టి, సుద్దముక్కను ఫోర్కుకు ఆనించి రిమ్ముకు దగ్గరగా పట్టి చక్రాన్ని తిప్పితే, రిమ్ము పక్కకు వచ్చిన చోట సుద్ద గీత పడుతుంది. రిమ్ము కుడికి వంగిన చోట హబ్బు ఎడమ అంచు నుంచి వచ్చే పుల్లలను బిగించి, కుడి అంచు పుల్లలను అంతమేరకు వదులు చేస్తారు. టైరు వైపు నుంచి చూస్తే నిపుల్ గడియారం ముల్లు దిక్కున తిప్పితే బిగుస్తుంది. హబ్బు వైపు నుంచి చూసే కంటికి అది తారుమారుగా కనిపించడంతో కొత్తవారు తరచుగా పొరపడతారు. పక్క వంకరతోపాటు పైకీ కిందికీ ఉన్న ఎగుడుదిగుళ్ళను కూడా సరిచేయాలి, ఒకటి తీసేటప్పుడు రెండోది చెడకుండా చూసుకోవాలి. పని ముగిశాక పుల్లలను వేలితో మీటుతారు. ఒకే వైపు పుల్లలన్నీ దాదాపు ఒకే స్వరం పలకాలి, మందంగా మోగిన పుల్ల వదులైనదని లెక్క. బిగువును అంకెల్లో చూపే టెన్షన్ మీటరు ఉన్నప్పటికీ చెవి పరీక్ష ఇంకా చెల్లుతోంది.

బ్రిటిషు సంప్రదాయపు పెద్ద సైకిలులో ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు ఉంటాయి. బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీద పడడం దీనికి కారణం. కుడి వైపు పుల్లలు విరిగినప్పుడు చాలా హబ్బులలో ఫ్రీవీలును విప్పితే తప్ప కొత్త పుల్ల దూర్చడానికి చోటు ఉండదు (చూ. చైను, ఫ్రీవీలు).

టైరు, ట్యూబు, వాల్వు

సైకిలు వాల్వులు మూడు రకాలు. భారతదేశపు పెద్ద సైకిలులో ఉండే డన్‌లప్ లేదా వుడ్స్ వాల్వులో, సన్నని గొట్టం మీద తొడిగిన రబ్బరు తొడుగు గాలిని లోపలికి పోనిచ్చి బయటికి రాకుండా ఆపుతుంది. దుకాణాల్లో వాల్ ట్యూబు అనేది ఈ తొడుగునే. మోటారు వాహనాల్లోనూ కనిపించే ష్రేడర్ వాల్వుకు రిమ్ములో సుమారు 8 మిల్లీమీటర్ల రంధ్రం, సన్నని ప్రెస్టా వాల్వుకు 6 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. గాలి తగ్గిన టైరును విప్పేముందు వాల్వు మీద తడి వేలు పెట్టి బుడగ వస్తుందేమో చూడడం అలవాటైన తొలి పరీక్ష. బుడగ వస్తే మార్చవలసింది వాల్ ట్యూబు మాత్రమే.

పంచరు పనిలో టైరు లివర్లు, పంపు, నీళ్ళ బేసిను, గరుకు కాగితం, సొల్యూషన్, అతుకు ముక్కలు అవసరం. టైరు ఒక అంచును లివర్లతో రిమ్ము దాటించి, ట్యూబును బయటికి తీసి, గాలి నింపి నీటిలో ముంచుతూ తిప్పితే రంధ్రం వద్ద బుడగలు లేస్తాయి. ఆ చోటును ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలుచగా రాసి, తడి ఆరి వేలికి జిగురు అంటీఅంటనట్లుండే దాకా ఆగి అతుకు వేయాలి. తడి ఉండగానే అతుకు వేయడం ఊడిపోయే అతుకులకు ప్రధాన కారణం. ద్రావకం ఆవిరి కాకుండా అతుకు కింద చిక్కుకుపోతే రబ్బరు రబ్బరును పట్టుకోదు.

రంధ్రం మూసినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. ముల్లు టైరులోనే ఉండిపోతే మళ్ళీ గుచ్చుకుంటుంది కాబట్టి, టైరు లోపలి వైపంతా వేళ్ళతో తడిమి చూడాలి. తెలుగు నేలపై సైకిలు టైర్లకు ఎక్కువగా దిగబడేవి తుమ్మముళ్ళు, పల్లేరుకాయలు. పల్లేరు కాయ ఏ విధంగా పడినా ఒక ముల్లు పైకి లేచి ఉంటుంది. ఇదే మొక్కకు అమెరికాలో పంచరు తీగ అనే అర్థమిచ్చే పేరు స్థిరపడడం గమనార్హం.

బ్రేకులు, గేర్లు

పెద్ద సైకిలు బ్రేకులో ఇనుప కడ్డీలు హ్యాండిలు నుంచి దిగి, రిమ్ము పక్కలకు కాక దాని లోపలి ముఖానికి రబ్బరు కట్టలను నొక్కుతాయి. తీగ బ్రేకులలో తీగను చీలికలు పడకుండా తెంచే కటరు ముఖ్యమైనది. డిస్కు బ్రేకులలో నూనెతో పనిచేసేవాటిలో కొన్నిటికి ఖనిజ తైలం, కొన్నిటికి డాట్ ద్రవం వాడతారు. ఒకదానిలో రెండోది పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు పాడై బ్రేకు పనిచేయదు.

1984లో షిమానో మీట ఒక్కో టిక్కుకు ఒక్కో గేరు మారే పద్ధతిని తెచ్చిన తరువాత డిరైలర్ సరిచేయడం చేతి అంచనా నుంచి కొలతల పనిగా మారింది. సైకిలు కుడి వైపు పడిపోయినప్పుడు డిరైలర్ వేలాడే పలక కొద్దిగా వంగినా గేర్లు సరిగా పడవు. ఆ పలక చక్రానికి సమాంతరంగా ఉందో లేదో చూసి వంచే గేజి ఆధునిక దుకాణంలో తప్పనిసరి.

ప్రమాణాలు, బిగింపు కొలతలు

బ్రిటిషు సంప్రదాయంలో అనేక మరలు అంగుళానికి 26 చుట్ల లెక్కన, మధ్య ఇరుసు కప్పులు 1.37 అంగుళాల వ్యాసం, 24 చుట్ల లెక్కన నిర్ణయమయ్యాయి. ఇటాలియన్, ఫ్రెంచి కొలతలు వీటికి భిన్నం. 28 × 1½ అంగుళాల టైరు అంచు కూర్చునే రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. టైరు మీది అంగుళాల అంకెలు ఒకటే ఉన్నా రిమ్ములు వేరుకావచ్చు గనుక, ఈ మిల్లీమీటర్ల కొలతను చూసి టైరు కొనడం క్షేమం.

బోల్టును ఎంత బలంతో బిగించాలో న్యూటన్ మీటర్లలో చెబుతారు. హ్యాండిలును పట్టే చిన్న బోల్టులకు 5 లేదా 6, క్రాంకు బోల్టుకు 35 నుంచి 50 దాకా సాధారణం. ఉక్కు సైకిలులో చేతి అంచనాతో సరిపోయే ఈ లెక్క, కార్బన్ పోగుల చట్రాలలో బిగింపు ఎక్కువైతే పగుళ్ళు వచ్చే ప్రమాదం ఉండడంవల్ల, బలాన్ని కొలిచే టార్క్ పానాను తప్పనిసరి చేసింది.

భారతదేశంలో, తెలుగు ప్రాంతాల్లో

స్వాతంత్ర్యానికి ముందు భారతదేశంలో నడిచిన సైకిళ్ళలో ర్యాలీ, బీఎస్‌ఏ, హెర్క్యులిస్ వంటి ఇంగ్లండు దిగుమతులే ఎక్కువ. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సైకిల్స్ మొదలయ్యాయి. 1986లో హీరో ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద సైకిలు తయారీ సంస్థగా గిన్నిస్ పుస్తకంలో నమోదైంది. ఈ సంస్థలు బ్రిటిషు కొలతలనే కొనసాగించడం, లూధియానా చుట్టూ చిన్న కార్ఖానాలు అవే కొలతలతో విడిభాగాలు తయారుచేయడం వల్ల, ఒక సంస్థ సైకిలుకు మరో సంస్థ కోను, కాటర్ పిన్ను, పెడలు సరిపోయే పరిస్థితి ఏర్పడింది.

తెలుగు ఊళ్ళలో సైకిలు దుకాణం మరమ్మతుతోపాటు గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చే చోటుగా కూడా ఉండేది. దుకాణంలో చేరిన కుర్రవాడు మొదట గాలి కొట్టడం, తరువాత పంచరు వేయడం, ఆ తరువాత ఓవరాయిలింగ్, చివరికి బెండు తీయడం నేర్చుకునేవాడు. అందులో చేయి కుదిరినవాడే పూర్తి మెకానిక్కు. పాల క్యాన్లు, చేపల బుట్టలు, ఐసు డబ్బాలు, బియ్యం బస్తాలు మోసే సైకిళ్ళకు క్యారియరు ఊచలు, వెనక ఇరుసు, కుడి వైపు పుల్లలు తరచుగా దెబ్బతినేవి. మోపెడ్లు, మోటారు సైకిళ్ళు పెరిగాక అద్దె సైకిళ్ళు దాదాపు కనుమరుగై, చాలా దుకాణాలు ద్విచక్ర వాహనాల పంచర్ల పనికి మళ్ళాయి.

ఇటీవలి మార్పులు

1990ల నుంచి మధ్య ఇరుసుకు కొత్త ప్రమాణాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి, ఒక్క ఆ భాగాన్ని విప్పడానికే మెకానిక్కు అనేక సాధనాలు కొనవలసిన స్థితి ఏర్పడింది. 2009లో షిమానో విద్యుత్తుతో మారే గేర్లను మార్కెట్టులోకి తెచ్చిన తరువాత కంప్యూటరు కూడా పనిముట్లలో చేరింది. భాగాలు తేలికై, పనితీరు మెరుగైన మాట వాస్తవమే అయినా, మరమ్మతు సౌలభ్యం విషయంలో పాత ఉమ్మడి కొలతలకే మొగ్గు ఉంది. కాటర్ పిన్నుల పెద్ద సైకిలును పూర్తిగా విప్పి బిగించడానికి నాలుగైదు పానాలు, ఒక సుత్తి, పంచి, స్క్రూడ్రైవరు, ఆకురాయి, నిపుల్ కీ, టైరు లివర్లు చాలు. ఇవన్నీ ఒక గోనెసంచిలో పడతాయి.